అంబాసిడర్ కింద ఆయిల్ మరక: లీకు ఎక్కడో పట్టుకుని ఆపడం ఎలా

విశాఖలో మా వీధి ఏటవాలుగా ఉంటుంది. 1983 నాటి మా అంబాసిడర్‌ను ముక్కు పైకి ఉండేలా నిలిపితే తెల్లవారేసరికి గేర్‌బాక్స్ కింద నల్లటి మరక కనిపించేది. ముక్కు కిందికి ఉండేలా నిలిపితే అదే మరక ముందుకు జరిగి ఫ్యాను కిందికి వచ్చేది. మొదటి మరక చూసిన మెకానిక్ వెనక ఆయిల్ సీల్ పోయిందని, గేర్‌బాక్స్ దించాలని తేల్చాడు. రెండో మరక చూసిన ఇంకో మెకానిక్ చాంబర్ ప్యాకింగ్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టికీ ఇంజన్‌కూ మధ్య వేసే పొర, మార్చాలన్నాడు. చాంబర్ ప్యాకింగ్ రెండుసార్లు మార్పించాను. మరక మాత్రం ఎక్కడికీ పోలేదు. చివరికి చూస్తే తప్పు ఇంజన్ బ్లాకు వెనక మూలన, ఆయిల్ ప్రెషర్ గొట్టం బిగించే చోట ఉన్న రాగి వాషర్‌ది. దాని ఖరీదు ఒక టీ ఖరీదు కూడా కాదు. పైగా ఆ మొదటి మెకానిక్ మారుస్తానన్న రబ్బరు సీల్ ఈ ఇంజన్‌కు అసలు ఉండనే ఉండదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ గురించి. కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి, ఇంజన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ నుంచి వచ్చాయి. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబపు ఇంజనే. అందువల్ల పాత ఎంజీ కార్ల రిపేరు పుస్తకాలు మనకూ పనికొస్తాయి. ఇసుజు 1.8 లీటర్ ఇంజన్ ఉన్న తర్వాతి అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మిని కారుకు లీకు వెతికే పద్ధతి ఇదే కానీ కారే చోట్లు వేరు.

ముందు కారేది ఏమిటో తెలుసుకోండి

చదునైన చోటు చూసుకోండి. మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కొండవాలు కాలనీల్లో ఉన్నవాళ్లు తెలిసినవారి అపార్ట్‌మెంట్ సెల్లార్ అడిగి అయినా కారును ఒక రాత్రి అక్కడ ఉంచాలి. కింద పెద్ద అట్టముక్క పరవండి. ఫ్రిజ్జు వచ్చిన పెట్టె విప్పదీస్తే సరిగ్గా సరిపోతుంది. నాలుగు చక్రాల స్థానాలూ, ముందు వైపు ఎటో అట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టుకోండి. పొద్దున కారు తీసాక చుక్కలు ఏ భాగం కింద పడ్డాయో అట్టే చెబుతుంది.

చుక్కను వేలితో తాకి చూడండి. నల్లగా లేదా గోధుమ రంగులో జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా, గంధకం వాసన ఘాటుగా వస్తే గేర్ ఆయిల్. అది వెనక ఆక్సిల్ నుంచి గానీ గేర్‌బాక్స్ నుంచి గానీ వచ్చి ఉండాలి. గేర్‌బాక్స్‌లో కూడా ఇంజన్ ఆయిలే పోసి ఉంటే వాసనతో తేల్చలేరు, రెండింటి మట్టమూ వారం పాటు కొలిచి చూడాల్సిందే. జిడ్డు లేకుండా నీరులా ఉంటే రేడియేటర్. లేత పసుపులో జారుగా ఉండి, నీళ్లతో కడిగితే పోయి, తగిలిన చోట పెయింటును లేపేసేది బ్రేక్ ఆయిల్. అది గనక అయితే ఈ వ్యాసం పక్కన పెట్టి, కారు కదపకుండా మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి.

ఇంకో మాట. ఆయిల్ తగ్గుతున్నదంటే కారుతున్నదనే అర్థం కాదు. సింహాచలం ఘాట్ రోడ్డు దిగుతూ ఎక్సలరేటర్ వదిలేసి, కింద మలుపులో మళ్లీ నొక్కినప్పుడు వెనక నీలిపొగ గుప్పున వస్తే ఆయిల్ వాల్వు గైడ్ల గుండా దిగి కాలిపోతున్నట్లు. ఎక్కేటప్పుడే పొగ వస్తుంటే పిస్టన్ రింగులను అనుమానించాలి. కింద అట్ట శుభ్రంగా ఉండి డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మట్టం మాత్రం తగ్గుతుంటే ప్యాకింగులు కొని ప్రయోజనం లేదు.

కడగకుండా వెతకవద్దు

నలభై ఏళ్ల ఇంజన్ మీద ఆయిల్, దుమ్ము కలిసి గట్టిపడిన మడ్డి ఉంటుంది. సముద్రపు గాలి తేమ దాన్ని ఎప్పుడూ పూర్తిగా ఆరనివ్వదు. ఆ మడ్డి మీద లీకు వెతకడం బురదలో చెమ్మ వెతకడమే.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ తీగ తీసేయండి. డిస్ట్రిబ్యూటర్‌కు, కార్బురేటర్ నోటికి, డైనమో లేదా ఆల్టర్నేటర్‌కు ప్లాస్టిక్ సంచులు కట్టండి. కిరోసిన్ లేదా డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో మడ్డిని వదిలించి, పుల్లతో మూలలు గీకి, సబ్బునీళ్లతో కడగండి. వేడి ఇంజన్ మీద కిరోసిన్ పడితే నిప్పంటుకోవచ్చు. పెట్రోల్‌తో అసలు కడగవద్దు. కారిన నీళ్లను కింద ట్రేలో పట్టండి. కాలువలోకి వదిలితే అవి వీధి చివరి గెడ్డలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతాయి.

కారు కిందికి దూరాలంటే జాకీ ఒక్కటే నమ్ముకోవద్దు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. ఛాసిస్ గట్టిభాగం కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు ఇటుకలు కాకుండా చెక్క దుంగలు అడ్డం వేసి, కారును చేత్తో ఊపి చూసి అప్పుడు దూరండి. ఇటుక ఒత్తిడికి పగులుతుంది.

గాలి బయటికి పోయే దారి చూడండి

పానా పట్టేముందు ఈ పని చేయండి. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత వాయువు ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. అది బయటపడటానికి బ్రీదర్ గొట్టం ఉంది. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి ప్యాకింగుల గుండా కూడా ఆయిల్ బయటికి నెట్టుకు వస్తుంది. అన్ని చోట్లా ఒకేసారి చెమ్మగా కనిపిస్తే నా మొదటి అనుమానం దీని మీదే.

బ్రీదర్ గొట్టాలు రెండు చోట్ల చూడండి: ఇంజన్ ఎడమవైపు (సీట్లో కూర్చుని చూస్తే) పక్క మూత నుంచి వచ్చేది, పైనున్న రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు పోయేది. రెండూ విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, తీగతో పొడిచి, నోటితో ఊది గాలి ఆడుతున్నదో లేదో చూడండి. రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి కవాటంలా మూసుకోవడం కూడా ఉంది. పైకి బాగానే కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని వదిలేస్తారు.

తర్వాత ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే సహజం. కుక్కర్ విజిల్ ముందు వచ్చినట్లు దబదబా పొగ తంతుంటే రింగులు అరిగిపోయాయి. అలాంటి ఇంజన్‌కు ప్యాకింగులు మార్చి లీకులు ఆపాలనుకోవడం డబ్బు దండగ. అది బోరింగ్ (సిలిండర్లు తొలిచే) పనికి వెళ్లాల్సిన ఇంజన్.

డిప్‌స్టిక్ మట్టం కూడా చదునైన చోటే చూడాలి. వాలులో చూసి తక్కువ ఉందనుకుని అర లీటరు ఎక్కువ పోయడం, ఆ ఎక్కువైనదే కారడం నేను చేసిన ఘనకార్యమే. ఆయిల్ చిక్కదనం 20డబ్ల్యూ50 లేదా 20డబ్ల్యూ40 చాలు. ఖరీదైనది కదా అని పలచటి సింథటిక్ పోస్తే, పాత కార్క్ ప్యాకింగులు ఆపగలిగిన దానికన్నా సులువుగా అది జారిపోతుంది.

పౌడరు చల్లి తిప్పండి

ఆరిన ఇంజన్ మీద, ముఖ్యంగా మూతల అంచుల దగ్గర, ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు పలచగా చల్లండి. ఇంట్లో ఉందని ముగ్గుపిండి చల్లవద్దు. అది రాతిపొడి, ఫ్యాను గాలికి లేచి బెల్టుల్లో, కార్బురేటర్‌లో దూరి గీస్తుంది. వానాకాలంలో ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు ఆయిల్‌లో కలిపే మెరుపు రంగు, దాన్ని చూపించే అతినీలలోహిత టార్చి కొనుక్కోవచ్చు. చీకటి పడ్డాక టార్చి వేస్తే కారే దారి పచ్చగా మెరుస్తుంది.

మొదట పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి చూడండి. ఆయిల్ ఒత్తిడిలో ఉండే చోట్లు, అంటే ప్రెషర్ గొట్టం, ఫిల్టర్ లాంటివి, ఇక్కడే బయటపడతాయి. ఆ తర్వాత ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు బీచ్ రోడ్డులో వెళ్లి రండి. సుమారు 25 కిలోమీటర్లు నిలకడగా వెళితే ఆయిల్ బాగా వేడెక్కి పలచబడుతుంది. అప్పటికీ ఏమీ కనిపించకపోతే సింహాచలం కొండ ఎక్కించండి. బరువు మీద ఎక్కేటప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి, దాక్కున్న లీకు బయటికి వస్తుంది.

తిరిగి రాగానే టార్చి, చిన్న అద్దం పట్టుకుని చూడండి. నియమం ఒక్కటే: తడిసిన చోట్లలో అన్నింటికన్నా పైనున్నది, అన్నింటికన్నా ముందున్నది ఎక్కడో వెతకండి. ఆయిల్ కిందికి జారుతుంది, నడిచే కారు గాలికి వెనక్కి పోతుంది. చాంబర్ అన్నింటికన్నా కింద ఉంటుంది కాబట్టి ఎవరి తప్పయినా దాని మీదే పడుతుంది. పై తడిని ఆపేవరకూ కింది తడి గురించి ఏ నిర్ణయానికీ రావద్దు. ఒక లీకు ఆపి, మళ్లీ కడిగి, మళ్లీ పౌడరు చల్లి, మళ్లీ తిప్పాలి. విసుగే. కానీ అన్ని ప్యాకింగులూ ఒకేసారి మార్పించినవాళ్లకు ఏది కారిందో తెలియదు, కొత్తగా బిగించిన వాటిలో ఏది సరిగా కూర్చోలేదో కూడా తెలియదు.

పై నుంచి కిందికి, ఒక్కొక్కటీ

రాకర్ కవర్: ఇంజన్ నెత్తిన ఉన్న రేకు మూత. మన మెకానిక్కులు దీన్నే టాపెట్ కవర్ అంటారు. పుస్తకాల్లో టాపెట్ కవర్లంటే ఇంజన్ పక్కన ఉండేవి. షాపులో ప్యాకింగ్ అడిగేటప్పుడు పై మూతా, పక్క మూతలా అని విడమర్చి చెప్పకపోతే రెండుసార్లు తిరగాల్సి వస్తుంది. ఈ పై మూతను రెండే నట్లు పట్టి ఉంచుతాయి. కారుతున్నదని ఆ నట్లను ఇంకా ఇంకా బిగించడం వల్ల రేకు వంగిపోయి, మధ్యలో నొక్కుకుని, మూలల్లో లేస్తుంది. మూత తీసి అద్దం పలక మీద బోర్లించి, అంచు కింద వెలుతురు కనిపిస్తున్నదో లేదో చూడండి. వంగితే చెక్క మీద పెట్టి మెత్తగా తట్టి సరిచేయండి. పాత కార్క్‌ను పూర్తిగా గీకి, కొత్తదాన్ని మూత వైపు మాత్రమే షెల్లాక్‌తో (లక్క జిగురుతో) అంటించండి; ఇంజన్ హెడ్ వైపు పొడిగా వదిలేస్తే వాల్వులు సర్దడానికి తీసిన ప్రతిసారీ చిరగదు. నట్ల కింద రబ్బరు బుష్షులు గట్టిపడి ఉంటే అవీ మార్చాలి. బిగింపు సుమారు 5.5 న్యూటన్ మీటర్లు, అంటే చిన్న పానాను రెండు వేళ్లతో తిప్పినంత.

షాపులో ఏళ్ల తరబడి వేలాడిన కార్క్ ప్యాకింగ్ ఎండి కురచబడి ఉంటుంది. లాగి సరిపెట్టకండి, చిరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే తిరిగి సాగుతుంది.

పక్క మూతలు: ఎడమవైపు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద రెండు ఉంటాయి. బీడీ కాలినట్లు కాకుండా పెనం మీద నూనె మాడినట్లు వాసన కారులోకి వస్తుంటే వీటిని చూడండి. ఇక్కడ కారే ఆయిల్ బ్లాకు వెంట జారి చాంబర్ అంచుకు చేరుతుంది, నింద దానికే వస్తుంది. వీటిని మార్చాలంటే కార్బురేటర్, మానిఫోల్డ్ తీయాలి. అంత పని ఎందుకని చాలామంది వీటి జోలికి పోరు. ఈ ఇంజన్‌లో అన్యాయంగా తప్పించుకునే దోషులు ఇవే. ఒక్కో మూతకు నడుమ ఒకే బోల్టు ఉంటుంది. దాని వాషర్‌ను కూడా కొత్తది వేయండి, గట్టిగా బిగిస్తే ఇవీ వంగుతాయి.

ప్రెషర్ గొట్టం: బ్లాకు కుడివైపు వెనక భాగంలో బిగించి ఉంటుంది. కొన్ని కార్లలో గొట్టానికి బదులు దీపం వెలిగించే స్విచ్ ఉంటుంది. ఇక్కడ కారినది బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్‌ను కప్పే కవచం) మీదుగా జారి అచ్చం వెనక బేరింగ్ లీకులా కనిపిస్తుంది. మా కథ ఇదే. రాగి వాషర్ మళ్లీ వాడాలంటే గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి; మెత్తబడి తిరిగి కూర్చుంటుంది. గొట్టమే పగిలితే మాత్రం అతుకులు వేయవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆయిల్ ఇది, తెగితే కొద్ది నిమిషాల్లో ఇంజన్ ఖాళీ అవుతుంది.

ఆయిల్ ఫిల్టర్: గిన్నెలో కాగితపు ఫిల్టర్ వేసే పాత రకమైతే పై గాడిలో రబ్బరు రింగు ఉంటుంది. పాత రింగు గాడిలోనే అంటుకుని ఉండగా దాని మీదే కొత్తది వేస్తే కారుతుంది. పిన్నీసుతో గుచ్చి పాతదాన్ని లాగేయండి. పెట్రోల్ పంపు, డిస్ట్రిబ్యూటర్ బ్లాకుకు తగిలే చోట్ల పలచటి ప్యాకింగులో రింగులో ఉంటాయి. అవి చవకైన పని, చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

టైమింగ్ కవర్: ఇంజన్ ముందు భాగం. రేడియేటర్ వెనక ఒక గీతలా అటూ ఇటూ ఆయిల్ చిమ్మిన గుర్తు ఉంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ దగ్గరి సీల్ పోయింది. తిరిగే పుల్లీ చిమ్ముతుంది కాబట్టి ఆ గుర్తును మరొకదానితో పొరబడలేరు. సీల్ మార్చే ముందు పుల్లీ మెడను గోటితో తడిమి చూడండి. సీల్ రాసుకున్న చోట గాడి పడి ఉంటే కొత్త సీల్ కూడా నెలలోపే కారుతుంది. ఆటోనగర్‌లో లేత్ పని చేసేవారితో స్లీవ్ (తొడుగు) వేయించాలి. కవర్ వెనక ఆయిల్ విసిరే చక్రం ఒకటి ఉంటుంది. అది ఏ వైపు తిరిగి ఉందో తీసేటప్పుడే ఫోటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు కవర్ బోల్టులు వదులుగా ఉంచి, పుల్లీ మెడకు ఆయిల్ రాసి లోపలికి తోసి, సీల్ దాని చుట్టూ సమంగా కూర్చున్నాక అప్పుడు బోల్టులు బిగించండి. ముందే బిగిస్తే సీల్ ఒక పక్కకు నొక్కుకుంటుంది.

చాంబర్: పుస్తకాల్లో సంప్. పైవన్నీ పొడిగా ఉండి ఇది మాత్రమే తడిస్తేనే దీని జోలికి వెళ్లండి. ముందుగా డ్రెయిన్ బోల్టు వాషర్ చూడండి. సముద్రం పక్కన తిరిగే కార్లకు తుప్పు తిని అడుగున సూదిబెజ్జాలు పడటమూ ఉంది. రంగు లేపి స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడాలి. చాంబర్ దించాక అంచులో ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు లేచి ఉంటుంది. చెక్క మీద పెట్టి సుత్తితో చదును చేయండి. ప్యాకింగ్ రెండు పక్కలా రెండు ముక్కలు, ముందూ వెనకా బేరింగ్ మూతల కింద రెండు కార్క్ పట్టీలు ఉంటాయి. పట్టీలూ పక్క ముక్కలూ కలిసే నాలుగు మూలల్లోనే కారుతుంది కాబట్టి అక్కడ మాత్రం చుక్కంత సిలికాన్ పేస్టు పెట్టండి. బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా, చివరికి సుమారు 8 న్యూటన్ మీటర్లు.

పేస్టు గురించి ఒక హెచ్చరిక. చాంబర్ రెండోసారి విప్పినప్పుడు ఆయిల్ పంపు జల్లెడకు ఎర్రటి సిలికాన్ పురుగుల్లా వేలాడుతూ కనిపించింది. మొదటిసారి బిగించినతను ప్యాకింగ్ మీద నమ్మకం లేక ట్యూబు సగం పిండేశాడు. అంచు నుంచి బయటికి ఎంత ఉబ్బి కనిపిస్తుందో లోపలికీ అంతే ఉబ్బుతుంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే జల్లెడ మూసుకుపోయి బేరింగులే పోయేవి.

వెనక చుక్క సంగతి

బెల్ హౌసింగ్ అడుగున ఒక రంధ్రం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ ఉంటాయి. ఆ పిన్ కదులుతూ రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది. అక్కడ చుక్క పడితే లోపల ఆయిల్ చేరుతున్నట్లు. రంధ్రం కారుతున్నదని ఎంసీల్‌తో మూసినవాళ్లను చూశాను. ఆ ఆయిల్ అప్పుడు క్లచ్ ప్లేటు మీదికి వెళ్తుంది.

బి-సిరీస్ ఇంజన్‌లో క్రాంక్ వెనక చివర రబ్బరు సీల్‌కు బదులు మరసుట్టు లాంటి గాడి చెక్కి ఉంటుంది. క్రాంక్ తిరిగేటప్పుడు ఆ మర ఆయిల్‌ను తిరిగి లోపలికే తోడుతుంది. ఇంజన్ ఆగితే తోడేదీ ఆగుతుంది, కాబట్టి ఆపిన తర్వాత రెండు మూడు చుక్కలు పడటం దీని జాతకంలోనే ఉంది. ముక్కు పైకి పెట్టి వాలులో నిలిపితే ఇంకాస్త ఎక్కువ. అందుకే ఎవరైనా వెనక సీల్ మారుస్తానంటే, ఏ సీలో చూపించమని అడగండి. నడుస్తుండగానే ధారగా కారితే బేరింగులు అరిగి క్రాంక్ ఊగుతున్నట్లు; అది ఇంజన్ దించే పని. క్లచ్ జారకుండా, వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు కూడా తగ్గకుండా ఉంటే నేను దాన్ని ముట్టుకోను.

వెనక చక్రాల లోపలి వైపు తడి కనిపిస్తే మాత్రం ఆ రోజే పని పెట్టుకోండి. హబ్ సీల్ దాటిన గేర్ ఆయిల్ బ్రేక్ లైనర్ల మీదికి పోతుంది, కైలాసగిరి రోడ్డు దిగేటప్పుడు ఆ సంగతి తెలుసుకోవడం మంచిది కాదు. ఆక్సిల్ కేసింగ్ మీద గాలి రంధ్రం మూసుకుపోయిందేమో ముందు చూసి, సీల్ మార్చండి. తడిసిన లైనర్లను పెట్రోల్‌తో కడిగి ఎండబెట్టి మళ్లీ వేయడం మనవాళ్లకు అలవాటు. వేడెక్కగానే లోపల ఇంకిన ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. కొత్తవి వేయాల్సిందే, రెండు వైపులా.

కార్క్ వేసిన చోట్లన్నీ 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి చేత్తో చూసి, వదులైన బోల్టును పావు చుట్టు మాత్రం తిప్పండి. తీసిన పాత ఆయిల్‌ను ఖాళీ డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ సేకరించే గ్యారేజీలో ఇచ్చేయండి. మా కారు కింద అట్ట మీద ఇప్పుడు ఉదయానికి రెండు చుక్కలు ఉంటాయి, సరిగ్గా స్ప్లిట్ పిన్ కింద. వాటి పక్కన తేదీ రాస్తున్నాను. మూడో చుక్క వేరే చోట పడిన రోజున మళ్లీ పౌడరు డబ్బా తీస్తాను.